ఫోన్ ఎత్తని సారు

క్యాన్సర్ అని దవాఖానల మా ఆయన గొంతు తీసేసి ఇంటికి పంపినంక, మా వాడకట్టోళ్లు ఆయనతోని మాట్లాడుడు మానేసిండ్రు. చెడ్డోళ్లయి కాదు, ఎట్ల మాట్లాడాల్నో తెల్వక. కొందరు చెవిటాయనతోని మాట్లాడినట్టు గట్టిగ అరిచేటోళ్లు. ఎక్కువమంది ఆయన దిక్కు చూసుకుంటనే నన్ను అడిగేటోళ్లు. "మీ ఆయన చాయ్ తాగుతడా?" "మీ ఆయనకు ఎండ తగుల్తుందేమో, కుర్చీ జరపమంటవా?" ఆయన అక్కడ్నే కూర్చొని ఉండె. చెవులు మంచిగనే వినిపిస్తుండె. మెడకు కట్టుకున్న తెల్లటి నూలుగుడ్డ వెనకాల, డాక్టర్లు మెడకు చేసిన రంధ్రం నుంచి ఊపిరి తీసుకుంటుండె, అంతే. ఆయన తలకాయ ఊపితె, ఆ ఊపుడును గూడ నేనే మాటల్ల చెప్పాల్సి వస్తుండె.

అంతకుముందు ఆయన గద్వాలల ఒక ప్రైవేటు బడిల కంప్యూటర్ సారు. పొద్దంత పిల్లలకు చెప్పి, చాలక ఇంటికొచ్చి నాకు చెప్పేటోడు. నేను మగ్గం మీద ఉంటె పక్కన పీట వేసుకొని కూర్చునేటోడు. మా చీరలకు నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండు కలిసేకాడ పోగు పోగూ చూసుకోవాలె, తల పైకి లేవదు. అయినా ఆయన మాట ఆగకపోయేది. బడిల ఏ పిలగాడు ఏమడిగిండు, హెడ్మాస్టర్ ఏమన్నడు, కంప్యూటర్ల ఏ వైరు ఊడింది, అన్నీ చెప్పేటోడు. నడుమ నడుమ "ఇంటున్నవా?" అని అడిగేటోడు. నేను "ఊ" అనేదాన్ని.

గొంతుకు ఆనించి మాట్లాడే మిషిన్ ఒకటి దవాఖానోళ్లు ఇచ్చిండ్రు. ఇంటికొచ్చినంక ఒక్కసారి పెట్టుకొని నా పేరు పిలిచిండు. రేకుడబ్బల నుంచి వచ్చినట్టు వచ్చింది. ఆయనే తెల్లబోయిండు. పలక తీసుకొని "ఇది నేను కాదు" అని రాసి, మిషిన్‌ను మళ్ల దాని డబ్బల పెట్టేసిండు. అప్పటినుంచి పలకే. మగ్గం చప్పుడుల నన్ను పిలవాలంటె ట్యూబ్‌లైట్ ఆర్పి మళ్ల వేసేటోడు.

బడోళ్లు మర్యాదగనే పంపించిండ్రు. మాట లేని సారు క్లాసుల ఏం చేస్తడని నాకు గూడ అర్థమయింది. గానీ ఆయనకు పొద్దు పోకుండె. ఇంట్ల ఒక పాత ల్యాప్‌టాప్ ఉండె. ఆన్ చేసి పెడితె నేను అన్నం వండి దించేదాంక తెరుచుకోకపోయేది. ఒకనాడు దాన్ల ఉన్నదంత తుడిచేసి లైనక్స్ వేసిండు. అయినంక ట్యూబ్‌లైట్ టపటప కొట్టిండు. ఏమయిందో అని ఉరికిన. మీట నొక్కి చూపించిండు. నేను కూర్చునేలోపల్నే తెరుచుకున్నది.

"కొత్తది కొన్నవా ఏంది?" అన్న.

పలక మీద రాసిండు: "అదే పాతది. లోపల నడిపిచ్చేది మార్చిన."

"ఎవరిది గది?"

"అందరిది. ఎవరెవరో చేసి పెట్టిండ్రు. ఎవరన్న తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగు చేసి మళ్ల పది మందికి ఇయ్యొచ్చు."

"ఊరికెనే? ఎందుకిస్తరు?"

ఆయన రాసింది తుడిచేసి, మళ్ల రాసిండు: "బడిల చెప్పి ఇంటికొచ్చినంక గూడ నేను నీకు ఎందుకు చెప్పేటోణ్ని?"

నేను నవ్వి మళ్ల మగ్గం కాడికి పోయిన.

వనపర్తిల ఒక కాలేజీ లెక్చరర్ ఫోన్ల ఒక గ్రూపు నడిపేటోడు. లైనక్స్ గురించి తెలుగుల అడిగి తెలుసుకునే గ్రూపు. అందుల మా పాలమూరు దిక్కోళ్లే ఎక్కువ. మా ఆయన అందుల చేరిండు. మొదట చదువుకుంట ఉండె. తర్వాత ఒకరికి జవాబు రాసిండు, ఇంకొకరికి రాసిండు. కొన్నాళ్లకు పొద్దున పండ్లు తోముకోకముందే ఫోన్ చూసుడు మొదలుపెట్టిండు. వైఫై కనిపిస్తలేదు అని ఒకరు. పాస్‌వర్డ్ మర్చిపోయిన, లోపలికి పోయేదెట్ల అని ఒకరు. తెలుగుల కొడితె వత్తులు అక్షరం కింద పడక పక్కకు పడుతున్నయి అని ఒకరు. ఇది ఫ్రీగ ఇస్తున్నరంటె లోపల ఏమన్న మోసం ఉంటదా అని ఒకరు. ఆయన అందరికి ఓపికగ రాసేటోడు.

అయిజల జిరాక్స్ షాపు నడిపేటాయన ఒకడు ఉండె ఆ గ్రూపుల. ఏది చెప్పినా ఒప్పుకునేటోడు కాదు. నల్లతెర మీద ఆర్డర్లు కొట్టేటప్పుడు మొదట 'సుడో' అని రాయాలంట. ఒకనాడు అడిగిండు: "సార్, ఈ సుడో ఎవరు? ప్రతిసారీ ఆయన పేరు చెప్పందే పని కాదా?"

మా ఆయన రాసిండు: "సుడో అంటె ఇంటిపెద్ద పర్మిషన్ తీసుకొని చేస్తున్న అని చెప్పుడు. నీ కంప్యూటర్‌కు పెద్దవు నువ్వే."

"మా ఇంట్ల పెద్ద మా ఆడామె సార్. ఆమెనడగాల్నా?"

"ఆమెను అడిగితె ఇంక మంచిది. నీకంటె నయంగ కొడతదేమో."

ఇద్దరు గట్ల ఆడుకుంటుండిరి. మా ఆయన చెప్పింది పని చేయకపోతె అయిజాయన ఊకోకపోయేది. "సార్, మీరు చెప్పింది తప్పు. ఉన్నది గూడ పోయింది. ఇప్పుడేం చేయాలె?" అని రాసేటోడు. మా ఆయన మొఖం ముడుచుకొని మళ్ల కూర్చొని, ఎక్కడ తప్పిండో వెతికి, జవాబు దొరికినంక ఫోన్ తెచ్చి నాకు చూపించేటోడు. నేను మగ్గం ఆపి చదివేదాన్ని. అందుల ఆయన బడిల ఉన్నప్పటి మనిషే. మాటకు మాట, ఎకసెక్కాలు, కోపాలు. పక్కన పీట వేసుకొని కూర్చొని మాట్లాడినట్టే ఉండె.

ఒకరోజు ఎవరో "నా కంప్యూటర్ల సౌండ్ పోయింది. ఏం చేసినా వస్తలేదు" అని అడిగిండ్రు. అది చూసి మా ఆయన నవ్విండు. ఆయన నవ్వంటె భుజాలు ఊగుడే. మెడకాడి గుడ్డ ఎగిరెగిరి పడుతుండె. నాకు చూపించిండు. నాకు నవ్వు రాలే. ఆయన మాత్రం ఆ మనిషికి సౌండ్ తెప్పించేదాంక విడవలే.

నాగర్‌కర్నూల్ దిక్కు నల్లమల అంచున ఒక చిన్న సర్కారు బడి ఉంది. చెంచు పిల్లలు చదువుతరు. ఆ బడికి ఎవరో వాడిపడేసిన కంప్యూటర్లు ఇస్తె, వాటిని నడిపిచ్చేదెట్లనో తెల్వక ఆ బడి టీచరమ్మ గ్రూపుల అడిగింది. మా ఆయన ఆమెకు ఎండకాలమంత రాసుకుంట చెప్పిండు. అక్కడ సిగ్నల్ అందదు. ఆమె గుట్ట మీదికి ఎక్కి మెసేజ్ చూసుకొని, కిందికి దిగి చేసి, మళ్ల గుట్టెక్కి అడిగేది. అలిసిపోయి ఒకనాడు ఫోనే చేసింది. ఫోన్ మోగుతుంటె మా ఆయన దాన్ని చేతుల పట్టుకొని చూసుకుంట కూర్చున్నడు. ఆగిపోయింది. మళ్ల మోగింది.

"నేను ఎత్తి చెప్పనా?" అన్న.

వద్దని గట్టిగ తలకాయ ఊపిండు.

జరసేపటికి ఆమె గ్రూపుల రాసింది: "పెద్దోళ్లు మా అసుంటోళ్ల ఫోన్లు ఎత్తరు." మా ఆయన అది చాలాసేపు చూసిండు. తర్వాత రాసిండు: "టీచరమ్మా, ఫోన్ల చెప్తె మీ ఒక్కరికే. ఇక్కడ రాస్తె రేపు ఇంకో బడోళ్లు గూడ చదువుకుంటరు." అబద్ధం కాదది. పూర్తి నిజం గూడ కాదు. అటెనుక ఏమేం చేయాల్నో బొమ్మలతో సహ వివరంగ రాసి పంపిండు. బడిల కంప్యూటర్లు నడిచినయి. పిల్లలు తెర ముందల కూర్చున్న ఫోటో టీచరమ్మ పంపితె, దాన్ని పెద్దగ చేసి ఒక్కొక్క పిల్ల ముఖం చూసిండు. అప్పటికే గ్రూపుల ఆయనకు 'ఫోన్ ఎత్తని సారు' అని పేరు పడ్డది.

తర్వాత వనపర్తి లెక్చరర్ అందరం ఒక్కసారి కలుద్దామని పిలిచిండు. ఆయన కాలేజీలనే, ఆదివారం. కంప్యూటర్లు పాడయినోళ్లు పట్టుకొని రావాలె, తెలిసినోళ్లు బాగు చేయాలె. మా ఆయన వస్తనని రాసేసిండు.

"వాళ్లకు చెప్పినవా మరి?" అని అడిగిన.

లేదన్నట్టు తలకాయ ఊపిండు.

"చెప్పకుంటెట్ల? అక్కడికి పోయినంక తెలుస్తది గద."

పలక మీద రాసిండు: "నన్ను ఇంతకుముందే ఎరుగుదురు వాళ్లు. చూస్తె ఏమయితది?"

ఇస్త్రీ చేసిన అంగీ వేసుకున్నడు. మెడకు కొత్త గుడ్డ కట్టిన. స్క్రూలు తిప్పే సామాన్లు, పెన్‌డ్రైవ్‌లు సంచిల పెట్టుకున్నడు. జూరాల దాటి ఆత్మకూరు మీదికెల్లి బస్సుల పోయినం. తొవ్వ పొడుగూత ఆయన కాళ్లు ఆడిచ్చుకుంటనే ఉండె. అంత హుషారుగ ఆయనను నేను చాన రోజులకు చూసిన.

కాలేజీ గదిల మంది నిండుగ ఉండిరి. లెక్చరర్ గ్రూపుల ఉన్న పాత ఫోటోను బట్టి గుర్తుపట్టి ఎదురొచ్చిండు. అయిజాయన దూరం నుంచే "వచ్చిండు మన ఫోన్ ఎత్తని సారు!" అని అరుచుకుంట వచ్చి రెండు చేతులు పట్టుకున్నడు. టీచరమ్మ గూడ వచ్చింది. "సార్, ఇయ్యాల మీ మాట ఇనందే పోను" అన్నది నవ్వుకుంట. అందరు మా ఆయన నోటి దిక్కు చూసిండ్రు.

ఆయన నవ్వి, గుడ్డ జర జరిపి, రంధ్రం దిక్కు వేలు చూపించిండు. అటెనుక బోర్డు కాడికి పోయి సుద్దముక్కతోని రాసిండు: "సౌండ్ రాదు. మిగిలినయన్ని మంచిగ పని చేస్తున్నయి."

నవ్వుతరనుకొని గట్ల రాసిండు. ఎవరూ నవ్వలే.

టీచరమ్మ ఏడ్చింది. వంగి కాళ్లు మొక్కింది. "నేనేమేమో అన్న సార్, నాకు తెల్వదు" అన్నది. అయిజాయన తలకాయ దించుకున్నడు. లెక్చరర్ మనిషిని పంపి ఎక్కడి నుంచో శాలువ తెప్పించిండు. మా ఆయనకు కప్పి, ఇంత కష్టంల గూడ అందరికి సేవ చేసిండని చెప్పిండు. చప్పట్లు కొట్టిండ్రు. ఫోటోలు దిగిండ్రు. ముందల కుర్చీ వేసి కూర్చోబెట్టిండ్రు.

వాళ్లల్ల ఒక్కరు గూడ చెడ్డోళ్లు లేరు. అది ఇప్పటికీ చెప్త. గానీ ఆనాడు పొద్దూకేదాంక ఒక్కరు గూడ ఆయన ముందల కంప్యూటర్ తెరిచి పెట్టలే. అన్నీ లెక్చరర్ కాడికే పట్టుకపోయిండ్రు. మా ఆయన రెండుసార్లు లేచి ఒకరి వెనుకకు పోయి నిలబడ్డడు. "మీరు కూర్చోండి సార్, మీరెందుకు" అని మళ్ల కుర్చీకాడికే తెచ్చిండ్రు. తిండి పెట్టేటప్పుడు ఒకాయన నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు: "అమ్మా, సార్ అన్నం తింటరా? మెత్తగ పిసికి ఇయ్యాల్నా?" మా ఆయన నా పక్కనే ఉండె. ఇన్నడు. సంచిల సామాన్లు సంచిలనే ఉండె. అట్లనే ఇంటికి తెచ్చుకున్నం.

మర్నాటినుంచి గ్రూపే మారిపోయింది. ఎవరో కొత్త మనిషి మా ఆయన పేరు పెట్టి అడిగితె, కింద ఇంకొకరు "సార్‌కు ఆరోగ్యం బాగలేదు, ఇబ్బంది పెట్టొద్దు" అని రాసిండ్రు. మా ఆయనే జవాబు రాస్తె దాని కింద దండం పెట్టే బొమ్మలు, పూల బొమ్మలు. పని చేసిందో లేదో చెప్పేటోడు లేడు. అయిజాయన గూడ "ధన్యవాదాలు సార్, రెస్టు తీసుకోండి" అని రాస్తుండె.

"మర్యాద ఇస్తున్నరు గద, మంచిదే" అన్న నేను ఒకనాడు.

ఆయన ఫోన్ తీసుకొని గ్రూపుల ఒకటి రాసి, పక్కన పెట్టి, చాయ్ తాగిండు. తాగినంక ఫోన్ నా చేతికిచ్చిండు. ఎవరో వైఫై వస్తలేదని అడిగితె, ఆయన "ప్రింటర్ వైరు పీకి మళ్ల పెట్టుండ్రి, వస్తది" అని రాసిండు. నాకు కంప్యూటర్ పని రాదు. అయినా ఆయన పక్కన కూర్చొని కూర్చొని, అది వట్టి తిక్క మాట అని నాకు గూడ తెలిసింది. దాని కింద పన్నెండో పదమూడో దండాలు ఉండె. అయిజాయన దండం గూడ ఉండె. తప్పని ఒక్కరన్న అనలే.

పలక తీసుకొని రాసిండు: "వాళ్ల లెక్కల నేను పోయిన."

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. దవాఖానల డాక్టర్ గొంతు తీసేయాలె అన్ననాడు గూడ గంత ఏడవలే.

కొన్నాళ్లు ఆయన ఫోన్ ముట్టలే. మగ్గం పక్కన కూర్చొని కండెలకు పోగు చుట్టి ఇచ్చేటోడు. తర్వాత ఒకనాడు నా ఫోన్ అడిగి తీసుకున్నడు. నాకేదో ఆన్‌లైన్ల చూపిస్తడు అనుకున్న. రెండ్రోజులకు నా ఫోన్ టింగు టింగు మోగుడు మొదలుపెట్టింది. తీసి చూస్తె అదే గ్రూపు. నా నంబర్‌తోని, వేరే పేరు పెట్టుకొని, ఫోటో లేకుండ మళ్ల అందుల చేరిండు మా ఆయన.

లెక్చరర్ "కొత్తగ వచ్చిన అన్నకు స్వాగతం" అని రాసిండు. ఈయన తెల్వనట్టు ఒక ప్రశ్న అడిగిండు. "అన్నా, ఇది ఇంతకుముందు చానసార్లు చెప్పినం. మొదలు పాత మెసేజ్‌లు చదువుకో" అని లెక్చరర్ కసిరిండు. ఆ పాత మెసేజ్‌లు రాసింది ఈయనే. మా ఆయన భుజాలు ఎంత ఊగినయో! దగ్గొచ్చేదాంక నవ్విండు.

మెల్లగ జవాబులు చెప్పుడు మొదలుపెట్టిండు. అయిజాయన మొదటిరోజే తగిలిండు. "నువ్వెవరు కొత్తగ? ఇట్ల కాదు, మా సార్ వేరే తీరుగ చెప్పిండు" అన్నడు. "మీ సార్ చెప్పింది పాతది. ఇప్పుడు మారింది" అని ఈయన రాసిండు. "మా సార్‌ను అనేటంత మొగోనివా?" అని ఆయన. ఇద్దరికి లడాయి. లెక్చరర్ నడుమల పడి ఆపాల్సి వచ్చింది. మా ఆయన ఆనాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు. నా ఫోన్ ఆయనదయిపోయింది. మా చెల్లె ఫోన్ చేస్తె గూడ ఆయన తెచ్చి ఇస్తెనే నేను మాట్లాడేది.

ఆ సంతోషం ఎక్కువ నాళ్లు ఉండలే. మెడ పక్కన గడ్డ లేచింది. హైదరాబాద్ పట్టుకపోయినం. మళ్ల వచ్చిందన్నరు, లోపలికి దిగిందన్నరు. కుర్చీల కూర్చోబెట్టి మందు ఎక్కిస్తుంటె ఒక చెయ్యితోనే ఫోన్ల రాసుకుంట ఉండె. అయిజాయన కొత్త ప్రింటర్ కొన్నడంట, అది లైనక్స్‌ను ఎరుగనంటుందంట. రోజుకింత చెప్పుకుంట వస్తుండె. ఒకనాడు "రేపు మిగిలింది చెప్త, ఇప్పుడైతె ఏం ముట్టకు" అని రాసి ఫోన్ నాకు ఇచ్చిండు. కండ్లు మూసుకున్నడు. మళ్ల ఫోన్ అడగలే. తర్వాత పలక గూడ పట్టుకోలేకపోయిండు. నా అరచేతిల వేలుతోని రాస్తుండె. ఆఖరికి ఆ రాసేది గూడ నాకు తెలియకపోయేది. "ఏందయ్యా, మళ్ల రాయి" అంటుంటి. రాస్తుండె. తెల్వకపోయేది. తెలిసిందని తలకాయ ఊపుతుంటి.

మా ఆయన పోయిండని ఆయన ఫోన్ల నుంచే గ్రూపుల పెట్టిన. నా ఫోన్ మోగుడు మొదలుపెట్టింది. ఆయన శాలువ కప్పుకున్న ఫోటోకు దండ వేసి పెట్టిండ్రు. టీచరమ్మ పిల్లలతోని నిలబడి దండం పెడుతున్న ఫోటో పంపింది. అన్నీ నా ఫోన్లనే, ఆ కొత్త మనిషికి వచ్చినట్టు వచ్చినయి.

దశదినకర్మకు అయిజాయన వచ్చిండు. అందరికంటె ఎక్కువ ఏడ్చిండు. తిని, చెయ్యి కడుక్కొని, పోయేముందు నా దగ్గరికొచ్చి నిలబడ్డడు.

"అక్కా, సార్ అసుంటి మనిషి మళ్ల దొరకడు. నాకు ఏబీసీడీ కాడినుంచి చెప్పిండు."

"ఔనన్నా" అన్న.

"సార్ రాసుడు బంద్ చేసినంక ఇంకొకడు వచ్చిండక్కా గ్రూపుల. తెలివి ఉంది, గానీ మస్తు పొగరు. నా ప్రింటర్ సగం చేసి, రేపు చెప్తనని అన్నడు, ఇగ పత్తా లేడు. సార్ అయితె గట్ల చేస్తుండెనా?"

నా ఫోన్ నా చేతిలనే ఉండె. చెప్దామని నోటిదాంక వచ్చింది. చెప్తె ఆ మనిషికి గూడ దండేసిన ఫోటో పెడతరు.

"ఆయనను ఏమన్న అడిగినవా?" అన్న.

"అడిగిన గద! తిట్టిన గూడ. రానీ అక్కా, వచ్చిననాడు ఇంక తిడత."

"తిట్టు అన్నా" అన్న. "గట్టిగ తిట్టు."

ఆయన నా దిక్కు ఒక తీరుగ చూసి, దండం పెట్టి, బస్సు వేళయితుందని పోయిండు. నేను లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకొని ఏడ్చిన.

ఇప్పటికీ ఆ గ్రూపుల నుంచి బయటికి రాలే. మగ్గం మీద ఉంటె పక్కన ఫోన్ పెట్టుకుంట. ఎవరికో బ్లూటూత్ కలుస్తలేదు, ఎవరికో తెర తలకిందులయింది. లెక్చరర్ చెప్తుంటడు. అయిజాయన ప్రింటర్‌ను ఎవరో బాగుచేసిండ్రు, వేరే తీరుగ. అయినా అయిజాయన అప్పుడప్పుడు ఆ కొత్త మనిషి పేరు పెట్టి రాస్తనే ఉంటడు. మొన్న గూడ రాసిండు: "ఓ పొగరున్న అన్నా, యాడ సచ్చినవ్? రేపంటె ఎప్పుడు?"

చదువుకున్న. మళ్ల చదువుకున్న. పోగును అటిటు నడిపే నాడె పట్టుకొని అంచు కలిపేకాడ పోగు వెతుక్కుంటుంటె, కండ్ల నీళ్లకు పోగు కనపడలే.